చచ్చిపోయిందనుకున్న మర్రి: మా మిద్దె మీది బోన్సాయ్ మళ్ళీ ఎట్లా చిగురించింది

పామిడి నుంచి మీ వాడినే మాట్లాడుతున్నా. నా వెనకాల ఆ స్టూలు మీద ఉన్న చిన్న చెట్టు కనిపిస్తోందా? చాలా వీడియోల్లో దాన్ని చూసి "అన్నా, అదేం చెట్టు, ఒక పక్క ఎండిపోయి ఉంది, ఇంకో పక్క పచ్చగా ఉంది, ప్లాస్టిక్‌దా?" అని అడుగుతున్నారు. ప్లాస్టిక్‌ది కాదు. మర్రి చెట్టు. వయసు పదిహేనేళ్ళు. ఎత్తు అడుగున్నర కూడా లేదు. పోయిన ఏడాది ఏప్రిల్‌లో మా ఇంట్లో అందరూ చచ్చిపోయిందనుకున్న చెట్టు అది. ఈ రోజు దాని కథ చెప్తా. కథతో పాటు మీ ఇంట్లో కూడా ఎండిపోతున్న బోన్సాయ్ ఉంటే ఏం చేయాలో, ముఖ్యంగా ఏం చేయకూడదో చెప్తా. ఎందుకంటే చేయకూడనిది చేసి నేను ఒక చెట్టును చంపేశా. అది కూడా దాచకుండా చెప్తా.

ముందు చెట్టు ఎక్కడిదో చెప్పాలి. మా నాయన టైలర్. పామిడి అంటేనే బట్టల ఊరు కదా, మా వీధిలో ఏ ఇంటి ముందు నిలబడినా మిషన్ చప్పుడు వినిపిస్తుంది. మా పాత మిద్దె గోడ పగుల్లో ఒక మర్రి మొలక వచ్చింది. పిట్టలు పండు తిని రెట్ట వేస్తే అందులోని విత్తనం గోడలో మొలుస్తుంది, మీరందరూ చూసే ఉంటారు. అట్లాగే వదిలేస్తే వేర్లు లోపలికి పోయి గోడ చీలిపోతుంది. అందుకని నాయన దాన్ని జాగ్రత్తగా పెరికి, పారేయడానికి మనసు రాక, సిమెంటుతో తానే చేసిన ఒక పల్లెంలో నాటినాడు. బోన్సాయ్ అనే మాట కూడా ఆయనకు అప్పుడు తెలీదు. తర్వాత ఎవరో కస్టమర్ చెప్తే తెలిసింది.

ఆ మాట జపాన్ వాళ్ళది. 'బోన్' అంటే పల్లెం, 'సాయ్' అంటే నాటడం. పల్లెంలో నాటిన చెట్టు, అంతే. జపాన్ కంటే ముందు ఈ విద్య చైనాలో పుట్టింది. మన తెలుగులో వామన వృక్షం అంటారు. చాలామంది ఇది వేరే జాతి చెట్టు అనుకుంటారు, మందు పెట్టి పెరగకుండా చేస్తారనుకుంటారు. రెండూ తప్పే. కదిరి దగ్గర గూటిబైలులో తిమ్మమ్మ మర్రిమాను ఉంది కదా, 1989లో గిన్నిస్ బుక్‌లోకి ఎక్కింది, దాదాపు ఐదెకరాల మేర విస్తరించింది. ఆ మర్రి, నా వెనకాల ఉన్న ఈ మర్రి ఒకే జాతి. తేడా ఏందంటే, దానికి ఊడలు దిగడానికి ఐదెకరాల నేల దొరికింది, దీనికి అడుగు పల్లెం దొరికింది. వేర్లకు చోటు తక్కువ, పైన కొమ్మలు ఎప్పటికప్పుడు కత్తిరింపు. అందుకే చిన్నగా ఉంటుంది. రేపు దీన్ని తీసుకెళ్ళి చేనులో నాటితే పెద్ద మాను అయిపోతుంది.

ఇంకో మాట. మన జిల్లాలో బోన్సాయ్ చూడాలంటే నర్సరీకే పోనక్కరలేదు. గుత్తి కోట ఎక్కినోళ్ళు రాళ్ళ సందుల్లో మొలిచిన చెట్లు గమనించండి. బీడు భూముల్లో మేకలు రోజూ కొరికే రేగు పొదలు చూడండి. మొదలు లావుగా ముదిరిపోయి ఉంటుంది, ఎత్తు మోకాలు దాటదు. రాయి, కరువు, మేక, ఈ మూడూ కలిసి చేసిన బోన్సాయ్‌లు అవి.

సరే, అసలు విషయానికి వద్దాం. అంతకు ముందు ఏడాది ఆగస్టులో మా నాయనకు పక్షవాతం వచ్చింది. కుడి చేయి, కుడి కాలు పడిపోయినాయి. మాట ముద్ద అయిపోయింది. టైలర్‌కు కుడి చేయి పోవడమంటే ఏందో నేను చెప్పనక్కరలేదు. నేను అప్పుడు బెంగళూరులో ఉద్యోగం. వచ్చి పదిహేను రోజులుండి మళ్ళీ పోయినా. ఆ టైంలో ఇంటికొచ్చి పలకరించినోళ్ళలో ఒకరు మిద్దె మీద చెట్టు చూసి, "ఇంట్లో మర్రి పెట్టుకోకూడదమ్మా, అందులోనూ పెరగనీకుండా చేసిన చెట్టు, అందుకే ఇట్లా అయింది" అన్నారంట. మా అమ్మ ఏం మాట్లాడలేదంట. మరుసటి రోజు ఆ పల్లెం ఎత్తి మిద్దె మీద నీళ్ళ ట్యాంకు వెనకాల పెట్టేసింది. పారేయలేదు, ఎందుకంటే అది నాయన చేతి చెట్టు. నీళ్ళూ పోయలేదు, ఎందుకంటే భయం. నేను అమ్మను తప్పు పట్టను ఫ్రెండ్స్. ఇంట్లో మనిషి పడిపోయినప్పుడు ఎవరేం చెప్పినా నిజమేనేమో అనిపిస్తుంది.

ఎనిమిది నెలలు గడిచినాయి. ఏప్రిల్‌లో నేను ఇంటి నుంచే పని చేసుకునేలా మాట్లాడుకుని పామిడికి వచ్చేశా. ఒక రోజు ట్యాంకు కడుగుదామని మిద్దె ఎక్కితే వెనకాల కనిపించింది. ఒక్క ఆకు లేదు. మట్టి పల్లెం అంచుల నుంచి విడిపోయి రాయిలా అయింది. పైన తెల్లగా ఉప్పు పేరుకుంది. నాయన కొమ్మలు వంచడానికి మోటార్ రివైండింగ్ షాపు నుంచి తెచ్చి చుట్టిన రాగి తీగ బెరడులోకి దిగిపోయింది. కిందికొచ్చి అమ్మతో చెప్తే, "చచ్చిపోయిందిలేరా, పారేయ్" అనింది. మంచం మీద నాయన వినేసినాడు. ఎడం చెయ్యి పైకెత్తి, చూపుడు వేలి గోరును బొటనవేలి మీద గీకి చూపించినాడు. ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు. నాకు అర్థం కావడానికి కాసేపు పట్టింది. "గీకి చూడు" అంటున్నాడు.

ఇదే మొదటి పాఠం. ఆకులు రాలినంత మాత్రాన చెట్టు చచ్చినట్టు కాదు. గోరుతో కొమ్మ మీద బెరడు కొంచెం గీకండి. కింద పచ్చగా, తడిగా ఉంటే ప్రాణం ఉంది. గోధుమ రంగులో పొడిగా ఉంటే ఆ భాగం పోయినట్టే. కొమ్మ చివర నుంచి మొదలుపెట్టి కిందికి రావాలి, ఎందుకంటే చెట్టు చివర్ల నుంచి ఎండుతూ వస్తుంది. నేను గీకుతూ వచ్చా. పై కొమ్మలు పొడి. మధ్యలో పొడి. ఎడమ పక్క మొదలంతా పొడి. కుడి పక్క, మట్టికి నాలుగు వేళ్ళ పైన గీకితే పచ్చగా కనిపించింది, సన్నగా పాలు కూడా వచ్చినాయి. మర్రికి పాలు కారుతున్నాయంటే లోపల ఇంకా తడి ఉన్నట్టే.

ఎనిమిది నెలలు నీళ్ళు పోయకపోతే ఎట్లా బతికింది? మరుసటి రోజు మోటార్ వేసినప్పుడు తెలిసింది. ట్యాంకు నిండి పొర్లితే ఆ నీళ్ళు కొన్ని కుడి పక్క పల్లెంలో పడుతున్నాయి. ఆ పక్క వేర్లు బతికినాయి, ఆ పక్క మొదలు బతికింది. ఎడమ పక్కకు చుక్క పోలేదు, అది ఎండిపోయింది. మర్రి లాంటి చెట్లలో ఏ పక్క వేరు ఎక్కువగా ఆ పక్క కొమ్మకే నీళ్ళు పంపుతుంది. కళ్ళారా చూసినాక నమ్మినా.

ఇప్పుడు చేసిన పనులు వరసగా చెప్తా. కావాలంటే స్క్రీన్‌షాట్ తీసుకోండి.

మొదటిది, నానబెట్టడం. రాయిలా ఎండిన మట్టి మీద చెంబుతో నీళ్ళు పోస్తే పక్కల నుంచి జారి కింద రంధ్రంలోంచి పోతాయి, మధ్యలోకి దిగవు. మనం పోశామనుకుంటాం, వేరుకు మాత్రం అందదు. అందుకని ఒక టబ్బులో నీళ్ళు పట్టి పల్లెం మొత్తం మునిగేలా పెట్టాలి. బుడగలు వస్తాయి. బుడగలు ఆగేదాకా ఉంచాలి. నాకు అరగంట పైన పట్టింది. తర్వాత తీసి నీళ్ళు పూర్తిగా కారిపోనివ్వాలి. రాత్రంతా నీళ్ళలో వదిలేయకండి, వేరుకు గాలి కూడా కావాలి.

రెండోది, ఉప్పు. మన అనంతపురం బోరు నీళ్ళ సంగతి మీకు తెలుసు. బొక్కెనలో, కుళాయి మీద, ఇడ్లీ పాత్రలో, ఎక్కడ చూసినా తెల్ల పొర. అదే పొర మట్టిలో పేరుకుంటుంది. ఉప్పు ఎక్కువైతే వేరు నీళ్ళు పీల్చుకోలేదు, మట్టి తడిగా ఉన్నా చెట్టుకు దాహమే. నేను పై పొర అర అంగుళం గీకి తీసేసి, ఇరవై లీటర్ల ఫిల్టర్ నీళ్ళ క్యాన్ ఒకటి కొని, దాంతో మెల్లగా మట్టిని కడిగినా. మా అమ్మ తిట్టింది, "మనుషులు తాగే నీళ్ళు దుడ్డు పెట్టి కొని చెట్టుకు పోస్తావా" అని. ఒక్కసారే అమ్మా అని చెప్పినా. రోజూ అవసరం లేదు. వాన పడినప్పుడు డ్రమ్ములో పట్టి పెట్టుకుంటే అంతకంటే మంచి నీళ్ళు లేవు.

మూడోది, నీడ. ఆకులు లేని చెట్టును మన ఏప్రిల్, మే ఎండలో పెడితే బెరడు కాలిపోతుంది. అట్లాగని చీకటి గదిలో పెట్టకూడదు. వెలుతురు బాగా ఉండాలి, నేరుగా ఎండ తగలకూడదు. నేను మెట్ల కింద, తూర్పు వెలుతురు వచ్చే చోట పెట్టినా. పైన పారదర్శకమైన ప్లాస్టిక్ కవర్ వదులుగా కప్పినా, లోపల తేమ నిలవడానికి. ఈ కవర్‌తో మాత్రం జాగ్రత్త. ఎండలో పెట్టి కవర్ కప్పితే లోపల చెట్టు ఉడికిపోతుంది. రోజూ కాసేపు తీసి గాలి ఆడనివ్వాలి.

నాలుగోది, తీగ. బెరడులో దిగిపోయిన తీగను చుట్లు విప్పి లాగకూడదు, బెరడు ఊడొస్తుంది. కటింగ్ ప్లేయర్‌తో ప్రతి చుట్టునూ ముక్కలుగా కత్తిరించి ఒక్కో ముక్క తీయాలి. బాగా లోపలికి పోయిన రెండు ముక్కలు అట్లాగే వదిలేశా. ఇప్పటికీ లోపలే ఉన్నాయి.

ఐదోది, కత్తిరింపు. గీకి చూసి పూర్తిగా పొడి అని తేలిన సన్న కొమ్మలు మాత్రమే తీశా. అనుమానం ఉన్నవి ముట్టుకోలేదు. ప్రాణం ఉన్న చోట కోత పడితే పాలు కారతాయి, నీళ్ళతో తుడిచి కాపర్ ఆక్సీక్లోరైడ్ పొడి ముద్దలా కలిపి పూయండి, బూజు పట్టదు. ఎరువుల అంగట్లో దొరుకుతుంది. పని అయ్యాక చేతులు బాగా కడుక్కోండి.

ఆరోది అన్నిటికంటే కష్టమైంది. ఊరికే ఉండడం. కుండీ మార్చలేదు, వేర్లు కోయలేదు, ఎరువు వేయలేదు. రోజూ ఒక అగరుబత్తి పుల్ల మట్టిలో రెండంగుళాలు గుచ్చి తీసి చూడడం. పుల్లకు తడి మట్టి అంటుకుంటే నీళ్ళు పోయొద్దు. పొడిగా వస్తే పోయాలి. "రోజుకు ఎన్నిసార్లు నీళ్ళు పోయాలి అన్నా" అని అడిగితే నా జవాబు ఇదే, పుల్లను అడగండి.

ఇప్పుడు నేను చంపిన చెట్టు గురించి. అదే ట్యాంకు వెనకాల ఇంకో చిన్న పల్లెంలో రావి మొక్క ఉండేది. నిజం చెప్పాలంటే మర్రి కంటే అదే బాగుంది, రెండు ఆకులు కూడా ఉన్నాయి. నాకు ఆత్రం. చేనికి తెచ్చిన డీఏపీ గుళికలు మా చిన్నాయన ఇంట్లో ఉంటే ఒక గుప్పెడు తెచ్చి వేసినా. బలం వస్తుందనుకున్నా. నాలుగు రోజులకు ఆకుల అంచులు కాలినట్టు నల్లబడినాయి, వారానికి మొదలు మెత్తబడింది. రసాయన ఎరువు కూడా ఉప్పే. నీరసంగా ఉన్న వేరు చుట్టూ అంత ఉప్పు పోస్తే, వేరు నీళ్ళు తీసుకోవడం పోయి వేరులో ఉన్న నీళ్ళే బయటికి లాగేసినట్టవుతుంది. జ్వరం వచ్చి లేవలేని మనిషి ముందు బిర్యానీ పెట్టినట్టు అనుకోండి. తిండి తప్పు కాదు, పెట్టిన సమయం తప్పు. నాయనకు చెప్పినా. కోప్పడలేదు. మొహం పక్కకు తిప్పుకున్నాడు. కోప్పడి ఉంటేనే బాగుండేదేమో.

అప్పటి నుంచి ఒక పని చేశా. మర్రి పల్లెం తెచ్చి నాయన మంచం పక్కన కిటికీ దగ్గర పెట్టినా. మా అమ్మ నిలబడిపోయింది. "దాన్ని ఆయన పక్కనే పెడతావా?" అనింది. నేను వాదించలేదు. నాయన్నే చూసింది. నాయన తలూపినాడు. అమ్మ లోపలికి పోయింది, అంతే.

ఇస్త్రీ చేసేటప్పుడు బట్టల మీద నీళ్ళు చల్లే స్ప్రే బాటిల్ ఉంటుంది కదా, అది నాయన ఎడం చేతికి ఇచ్చినా. పొద్దున, సాయంత్రం కవర్ తీసి మొదలు మీద చల్లడం ఆయన పని. ఫిజియోథెరపీ ఆయన వచ్చి చూసి, "కుడి చేత్తో కూడా ప్రయత్నించండి, పిడికిలి నొక్కడం మంచి వ్యాయామమే" అన్నాడు. మొదట్లో కుడి చేత్తో నొక్కితే చుక్క కూడా వచ్చేది కాదు.

మే నెల మొత్తం ఏమీ జరగలేదు. ఏమీ అంటే ఏమీ. నేను రోజూ ఫోన్‌లో ఫొటో తీసేవాణ్ణి. ముప్పై ఫొటోలు పక్కపక్కన పెడితే ఒకే ఫొటోలా ఉంటాయి. మధ్యలో ఒకసారి తెల్లగా దూది లాంటి పిండినల్లి పట్టింది. లీటరు నీళ్ళకు ఐదు మిల్లీలీటర్ల వేపనూనె, కొంచెం సబ్బు నీళ్ళు కలిపి సాయంత్రం పూట చల్లితే, మూడు సార్లకు పోయింది.

జూన్ మొదటి వారం. మొదటి వాన పడింది. మన దగ్గర ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన, అందులోనూ ఎప్పుడు పడుతుందో చెప్పలేం. పెన్న ఏటి ఒడ్డునే ఉన్నా ఏట్లో నీళ్ళు చూసే రోజులు తక్కువ. కాబట్టి మొదటి వాన అంటే పామిడిలో అందరూ బయటికొచ్చి నిలబడతారు. నేను పల్లెం ఎత్తుకుని వాకిట్లో పెట్టినా, వాన నీళ్ళలో తడవనీ అని. ఆ తర్వాత ఐదో రోజో, ఆరో రోజో, పొద్దున్నే మా అమ్మ పిలిచింది. "రేయ్, ఇట్లా రా" అని. కుడి పక్క మొదలు మీద, మట్టికి కొంచెం పైన, ఎర్రగా ఒక సూది మొన. మర్రి మొగ్గ పైన ఎర్రటి తొడుగు ఉంటుంది కదా, అది. నేను చూడక ముందే మా అమ్మ చూసింది. అంటే ఆమె కూడా రోజూ చూస్తా ఉండింది అని నాకు అప్పుడే తెలిసింది.

ఆ తర్వాత కూడా తొందరపడలేదు. నాలుగైదు ఆకులు బాగా విచ్చుకున్నాక, జులైలో, వేర్లను కదిలించకుండా మట్టి గడ్డ గడ్డగానే ఎత్తి కొంచెం పెద్ద కుండీలో పెట్టినా. చుట్టూ నింపిన మిశ్రమం: శనగ గింజంత ఇటుక ముక్కలు రెండు పాళ్ళు, జల్లించిన ముతక ఇసుక ఒక పాలు, బాగా మాగిన పశువుల ఎరువు ఒక పాలు. నీళ్ళు పోస్తే వెంటనే కిందికి దిగిపోవాలి, ఇటుక ముక్క కొంచెం తడి పట్టుకోవాలి. ఉత్త ఎర్రమట్టి వేయకండి, ఎండితే మళ్ళీ రాయే.

ఎరువు ఎప్పుడు వేశా? ఆకులు ముదిరి కొత్త కొమ్మలు జానెడు సాగినాక, సెప్టెంబర్‌లో. మన ఊరి సరుకే, వేరుశనగ చెక్క. పిడికెడు చెక్క నాలుగు రోజులు నానబెట్టి, ఆ నీళ్ళను పదింతలు పలచన చేసి, నెలకొకసారి. వాసన వస్తుంది, పక్కింటోళ్ళకు ముందే చెప్పండి.

ఇంకో చెట్టు గురించి చెప్పి ముగిస్తా. అమెరికాలో వాషింగ్టన్‌లో జాతీయ బోన్సాయ్ మ్యూజియంలో ఒక తెల్ల పైన్ చెట్టు ఉంది. యమాకి పైన్ అంటారు. 1625 నుంచి దాన్ని పెంచుతున్నారు. హిరోషిమాలో యమాకి కుటుంబం దగ్గర ఉండేది. 1945 ఆగస్టు 6న అణుబాంబు పడినప్పుడు అది ఆ ఇంటి ఆవరణలో గోడ చాటున ఉండి బతికిపోయింది. 1976లో మసారు యమాకి దాన్ని అమెరికాకు కానుకగా ఇచ్చినాడు. బాంబు వేసిన దేశానికే. 2001లో ఆయన మనవళ్ళు చూడ్డానికి వచ్చి చెప్పేదాకా ఆ చెట్టు హిరోషిమా బాంబును తట్టుకుందని మ్యూజియం వాళ్ళకు తెలీదు. నేను ఇది చదివినప్పుడు బాంబు గురించి కంటే ఇంకోటి ఎక్కువ అనిపించింది. 1625 నుంచి ఇప్పటిదాకా ఎవరో ఒకరు దానికి నీళ్ళు పోస్తూనే ఉన్నారు. ఎండాకాలంలో నాలుగు రోజులు మరిచిపోయినా ఆ చెట్టు ఉండేది కాదు.

"చెట్టును చిన్న పల్లెంలో పెట్టి హింసించడం కాదా అన్నా" అని ఎప్పుడూ ఒకరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. నా అనుభవం చెప్తా. పల్లెంలో పెట్టినందుకు ఈ మర్రి ఎండలేదు, పదమూడేళ్ళు నిగనిగలాడుతూ ఉండింది. మేము మరిచిపోయినందుకు ఎండింది. నేలలో ఉన్న చెట్టు మనం మరిచిపోయినా తన నీళ్ళు తాను వెతుక్కుంటుంది. పల్లెంలో చెట్టుకు మనం తప్ప దిక్కు లేదు. అంత పూచీ తీసుకోలేమనుకుంటే బోన్సాయ్ కొనకండి. ఆన్‌లైన్‌లో ఆఫర్ ఉందని అసలే కొనకండి.

ఇప్పుడు చెట్టును దగ్గరగా చూపిస్తా చూడండి. ఎడమ పక్క మొదలు ఎండిపోయినట్టే ఉంది, అది తిరిగి రాదు. కోసేద్దామా అని అడిగితే నాయన వద్దన్నాడు. ఎండిన కట్టెను అట్లాగే శుభ్రం చేసి ఉంచడం బోన్సాయ్‌లో ఒక పద్ధతే. కుడి పక్క నిండా ఆకులు. ఈ మధ్య ఒక ఊడ కూడా సన్నగా దారంలా దిగుతోంది.

నాయన కుడి చేయి పూర్తిగా రాలేదు. మళ్ళీ మిషన్ తొక్కుతాడని నేను చెప్పలేను. చెట్టు చిగురించినందుకు చెయ్యి బాగైందని కూడా చెప్పను, అట్లాంటి మాటలు నమ్మే ఆ చెట్టును ట్యాంకు వెనక పెట్టినాం కదా. కానీ ఇప్పుడు కుడి చేత్తో స్ప్రే నొక్కితే నీళ్ళు వస్తాయి. మూడు నొక్కులకు చెయ్యి అలిసిపోతుంది. మిగతాది మా అమ్మ చల్లుతుంది.

ఇంటికెళ్ళి ఒకసారి మిద్దె ఎక్కి చూడండి ఫ్రెండ్స్. ట్యాంకు వెనకాల, మెట్ల కింద, ఏదైనా కుండీ ఉందేమో. పారేసే ముందు గోరుతో గీకి చూడండి. పచ్చగా కనిపిస్తే ఏం చేయాలో మీకు ఇప్పుడు తెలుసు. డౌట్ ఉంటే ఫొటో పంపండి, తెలిసినంత చెప్తా. వచ్చే ఎపిసోడ్‌లో వాన నీళ్ళు మిద్దె మీద తక్కువ ఖర్చుతో ఎట్లా పట్టుకోవాలో చూద్దాం. అప్పటిదాకా ఉంటా మరి, నమస్తే.